ఏ తేదీన పోయాయి

అచ్చుయంత్రం మీద అరచెయ్యి ఆనించి, కళ్లు సగం మూసి నిలబడ్డాడు ముసలి మెషిన్‌మన్. ముప్పై ఏళ్లుగా అదే ప్రెస్సు. రోలరు ఎక్కడ పట్టేస్తోందో, కాగితం ఎక్కడ నలుగుతోందో ఇప్పుడతనికి చెప్పేది చెవులు కావు, చెయ్యి. వేళ్ల గీతల్లో సిరా ఇంకిపోయింది. ఎవరైనా పిలవాలంటే భుజం తడతారు.

ఒంటిగంటకు చేతులు తుడుచుకుని, డాక్టరు రాసిచ్చిన కాగితం జేబులో పెట్టుకుని, అన్నం కూడా తినకుండా ఇన్సూరెన్సు ఆఫీసుకు నడిచాడు. చెవి మిషన్ ధర అతని ఐదు నెలల జీతం. ఆరు నెలల కిందట గుండెజబ్బుతో భార్య మంచం పట్టింది. ఆవిడ పిలిస్తే వినపడదన్న దిగులు అప్పట్నించీ అతన్ని తినేస్తోంది. "మీతో చెప్పుకోవడం కంటే గోడతో చెప్పుకోవడం నయం, గోడైనా తిరిగి పలుకుతుంది" అని ఆవిడ నవ్వేది. పెదాలు చూసి ఆ మాట పోల్చుకుని అతనూ నవ్వేవాడు.

అద్దం వెనక కూర్చున్న అమ్మాయి ఏదో అంది. అతను చెవి ఒగ్గాడు. మళ్లీ అంది. మూడోసారి లేచి నిలబడి, వరసలో ఉన్నవాళ్లందరికీ వినపడేలా చెప్పింది.

"చెవి మిషన్‌కి పాలసీలో డబ్బు రాదు బాబాయ్. ఆపరేషనైతే ఇస్తారు."

"ఆపరేషన్‌తో బాగయ్యేవి కావన్నాడమ్మా డాక్టరు. పనిలోనే పోయాయివి."

"ప్రమాదంలో పోతే ఇస్తారు. ఏ తేదీన పోయాయో రాయాలి."

ఫారంలో ఆ ఖాళీ గడి వంక చూస్తూ ఉండిపోయాడు. ముందు గోడగడియారం పోయింది. తర్వాత వాన. ఆ తర్వాత, ఏ రోజో తెలియకుండానే, భార్య గొంతు.

"మొన్ననే పోయాయని రాసుకో తల్లీ."

ఆ అమ్మాయి అతని కళ్లలోకి చూడలేకపోయింది. డాక్టరు కాగితంలో 'ఏళ్ల తరబడి, క్రమంగా' అన్న మాటల కింద గీత గీసి, కాగితం వెనక్కి తోసింది.

"కొంచెం కొంచెంగా పోతే ఇవ్వరు బాబాయ్."

సాయంత్రం ఇంటికి చేరేసరికి భార్య దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. ఏమైందని కళ్లతోనే అడిగింది.

"ఇస్తామన్నారు" అన్నాడు.

ఆవిడ మొహం విచ్చుకుంది. ఆ మొహం ఎదుట నిలబడలేక, పాలు కాస్తానని వంటింట్లోకి పోయి పొయ్యి వైపు తిరిగాడు. మొదలెట్టిన అబద్ధం ఆపబుద్ధి కాలేదు.

"నెల తిరక్కుండా వచ్చేస్తుందట. చిక్కుడు గింజంత ఉంటుందట. ఇక నువ్వు గుసగుసలాడినా వినపడుతుంది. నన్ను తిట్టుకున్నా వినపడుతుంది, చూసుకో మరి." పాలు పొంగబోతే మంట తగ్గించాడు. "వాన కూడా వినపడుతుందట."

పాలగిన్నె పట్టుకుని ఇవతలికి వచ్చేసరికి వీధితలుపు బార్లా తీసి ఉంది. పక్కింటి కోడలు మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఆవిడ మణికట్టు పట్టుకుని నాడి వెతుకుతోంది. వెతికి వెతికి, ఆ చేతిని మెల్లగా పరుపు మీద పెట్టేసింది. తలెత్తి అతనితో అన్నది పెదాల మీద స్పష్టంగా తెలిసింది.

"పిన్ని అంతలా పిలుస్తుంటే ఎక్కడికెళ్లారు బాబాయ్? మా ఇంటిదాకా వినపడింది."

మంచానికీ వంటింటి గడపకీ మధ్య, ఆవిడ విసిరిన స్టీలు గ్లాసు అంచు సొట్టపోయి, ఒలికిన నీళ్లలో పక్కకు ఒరిగి ఉంది.