నెవెన్కా రాసిన ఎనిమిది పేజీలు

నెవెన్కాకు యాభై మూడేళ్లు. క్రొయేషియాలో సముద్రపు ఒడ్డున ఉన్న ఒక రేవు పట్నంలో, విశ్వవిద్యాలయం మూడో అంతస్తులో, ఆమెదొక భాషా సహాయ గది. పాఠాలన్నీ ఇంగ్లీషులో సాగే కోర్సుల పిల్లలు వ్యాసం చేతబట్టుకుని, ఆయాసం గుండెన పెట్టుకుని ఆ గదికి ఎక్కివస్తారు. గదికి ఒకటే నియమం: పెన్సిల్ విద్యార్థి చేతిలోనే ఉండాలి. టీచరు ప్రశ్నలు అడగొచ్చు, అడిగి అడిగి ప్రాణం తియ్యొచ్చు, అక్షరం మాత్రం రాయకూడదు. లేచేముందు ఆ రోజు ఏం చేశారో ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు పెట్టాలి.

పన్నెండేళ్లు ఆ నియమాన్ని కాపాడిన నెవెన్కాయే, మార్చిలో ఒక మధ్యాహ్నం దాన్ని కాలరాసింది.

ఆ రోజు వచ్చిన పిల్ల పేరు యాగోదా. రేవుల నిర్మాణం చదువుతోంది, రెండో ఏడాది. రేవుల్లో పూడిక గురించి ఎనిమిది పేజీల వ్యాసం, మర్నాడు పొద్దున్నే ఇచ్చెయ్యాలి.

"ఈ వాక్యంలో ఏం చెప్పాలనుకున్నావమ్మా?"

"అదే మేడమ్... పూడిక ఉందని."

"ఎక్కడుంది?"

"నీళ్లలో."

"నీళ్లలో కాక నా కాఫీలో ఉంటుందా?"

యాగోదా నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "మన భాషలో అడగండి మేడమ్, గంటసేపు వాగుతాను. ఇంగ్లీషు దగ్గరకొచ్చేసరికి నా నోట్లోనే పూడిక పడిపోతోంది."

నెవెన్కా గడియారం చూసింది, పిల్ల మొహం చూసింది, "ఇటివ్వు" అని పెన్సిల్ లాక్కుంది.

ఒక్క వాక్యమే అనుకుంది. వాక్యం పేరా అయింది, పేరా పేజీ అయింది. మొదట చేసింది దిద్దుబాటు, తర్వాత చేసింది దొమ్మీ. మోటుగా ఉన్నవన్నీ కొట్టేసింది, నున్నటివి తెచ్చి పేర్చింది. జాలితో మొదలుపెట్టిన పని జోరుగా సాగి, చివరికి రుచి మరిగింది. సొంత పుస్తకం రాయాలని ఎప్పటినుంచో ఆమెకో కోరిక. ఊళ్లో వాళ్ల పిల్లల వ్యాసాలు చూడటంతోనే జుట్టు నెరిసింది. ఆ రెండు గంటలూ ఆమె యాగోదా కోసం రాయలేదు, తన కోసం రాసుకుంది. యాగోదా పక్కన కూర్చుని, ఆమె రాసింది రాసినట్టు కంప్యూటర్లో కొట్టుకుంది.

చివర్లో కాగితం మీద నెవెన్కా "పేరాల అమరిక గురించి చర్చించాం" అని రాసింది.

"చర్చించామా మేడమ్?" అంది యాగోదా.

"సంతకం పెట్టవే తల్లీ, బస్సు పోతుంది."

ఒకరి రాత మార్చబోతే తలరాత మారిపోతుందని నెవెన్కాకు మూడు వారాల తర్వాత తెలిసింది. ఆ పాఠం చెప్పే ప్రొఫెసర్ బార్తుల్ ఎనిమిది పేజీలూ పట్టుకుని గదిలోకి వచ్చాడు. ముందు ఆ వ్యాసాన్ని క్లాసులో చదివి మెచ్చుకున్నది ఆయనే. తర్వాత క్లాసులోనే పరీక్ష పెడితే యాగోదా ఇంగ్లీషు మళ్లీ కుంటింది.

"నెవెన్కా, పిల్లల రాతలు నీకు తెలిసినట్టు ఎవరికీ తెలియవు. ఇవి ఆ అమ్మాయివేనా?"

తన వాక్యాలు బల్ల మీద నుంచి తనకేసే చూస్తున్నాయి. నెవెన్కా వాటి మొహం చూడలేకపోయింది.

"నీ గది కాగితం చూశాను. చర్చించాం అని ఉంది. అంటే నువ్వు ముట్టుకోలేదు. మరి ఎవరితో రాయించుకున్నట్టు?"

"ఆమె రాతలా... అయితే లేదు" అంది నెవెన్కా.

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. అదే అసలు పాపం. నిజాన్ని అంత నికృష్టంగా వాడుకోవడం ఆమెకు ఆ రోజే చేతనయింది.

"పైగా ఎంత బాగా రాయించుకుందో చూడు, సిగ్గులేకుండా!" అంటూ బార్తుల్ ఒక వాక్యం పైకి చదివాడు. వింటుంటే నెవెన్కాకు లోపల ఎక్కడో హాయిగా అనిపించింది. ఆ హాయి తలచుకుంటే తర్వాత వారం రోజులు ఆమెకు అన్నం సహించలేదు.

యాగోదాను విచారణకు పిలిచారు. తప్పు రుజువైతే ఏడాదిపాటు చదువు బంద్. మెట్ల దగ్గర ఎదురుపడినప్పుడు ఆ పిల్లే ముందుగా గొంతు తగ్గించి అంది: "మీ పేరు చెప్పలేదు మేడమ్. చెప్పను కూడా. మీ ఉద్యోగానికి ఎసరొస్తుంది."

"భయపడకు" అంది నెవెన్కా. మూడు భాషలు నేర్చిన మనిషి ఆ ఒక్క ముక్కా అనేసి గబగబా మెట్లెక్కిపోయింది.

గురువారం పదకొండు గంటలకు విచారణ. బార్తుల్, మరో ఇద్దరు ప్రొఫెసర్లు, సలహా చెప్పడానికి భాషా నిపుణురాలిగా నెవెన్కా. నేరస్తురాలికి నిపుణుల కుర్చీ వేశారు. ఆమె అందులో ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చుంది.

"చూడండి కొలేగిత్సా" అన్నాడు బార్తుల్ యాగోదాతో. కొలేగిత్సా అంటే సహోద్యోగి. అక్కడ విద్యార్థినిని బయటికి గెంటేటప్పుడు కూడా ఆ మర్యాద తగ్గదు. "ఇంగ్లీషు పక్కన పెడదాం. మన భాషలోనే చెప్పండి. పూడిక ఎక్కడ చేరుతుంది?"

యాగోదా చెప్పడం మొదలుపెట్టింది. ఇక ఆపితే ఒట్టు! వాళ్ల నాన్న పూడిక తీసే ఓడ మీద ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నాడు. కొండల మీంచి సముద్రం మీదికి విరుచుకుపడే చలిగాలి, బూరా, కొట్టిన మూడో రోజున పూడిక రేవు పాత గోడ పక్కన కాకుండా కొత్త గోడ మూలకు వెళ్లి చేరుతుందట, నీళ్ల రంగు చూసి ఆయన పట్టేస్తాడట. చిన్నప్పుడు తనను ఓడ ఎక్కించి ఆ రంగు చూపించాడట.

బార్తుల్ కళ్లజోడు తీసేశాడు. "మూడో రోజా? నేను నాలుగేళ్లుగా తలబాదుకుంటున్నది దాని గురించేనమ్మా! ఇంత విషయం వ్యాసంలో ఎందుకు రాయలేదు?"

యాగోదా తల దించుకుంది. "రాశానండి..." అని ఆగిపోయింది.

నెవెన్కాకు ఆ పేరా గుర్తొచ్చింది. "మా నాన్న అంటాడు" అని మొదలయ్యేది. పాండిత్యానికి తగదని పెన్సిల్‌తో అడ్డంగా ఒక్క గీత గీసింది. చదవనైనా చదవలేదు.

"నేను కొట్టేశాను" అంది లేచి నిలబడి. "మిగతాది నేను రాశాను. ఎనిమిది పేజీలూ నావే. కాగితం మీద చర్చించామని రాసింది కూడా నేనే, అబద్ధం. ఈ అమ్మాయి తప్పు ఒక్కటే, నా మాట వినడం."

బార్తుల్ ఆ పేజీలను మెల్లగా ఆమె వైపు తోశాడు. యాగోదాకు రెండు వారాల గడువిచ్చారు, తన మాటల్లో మళ్లీ రాయమన్నారు. నెవెన్కా ఆ గదికి వెళ్లకూడదన్నారు, ముందు సెలవుల దాకా, ఆ తర్వాత సంగతి తర్వాత.

వరండాలో యాగోదా ఆమె కోసమే ఆగి ఉంది. కృతజ్ఞత చెప్పడానికేమో అని నెవెన్కా ఒక్క క్షణం ఆశపడింది. ఆ ఆశకు కూడా ఆమె సిగ్గుపడాల్సి వచ్చింది.

"సార్ క్లాసులో మెచ్చుకున్న రోజు నేను ఇంటికి ఫోన్ చేశాను మేడమ్. మా నాన్న ఓడలో అందరికీ చెప్పుకున్నాడట, నా మాట మా అమ్మాయి ఇంగ్లీషులో రాసింది, ప్రొఫెసర్ మెచ్చుకున్నాడు అని. అందులో ఆయన మాట లేదని ఇప్పుడు ఎలా చెప్పను?"

"నేను చెబుతానమ్మా. నంబరివ్వు. తప్పంతా నాదేనని నేనే..."

"వద్దు మేడమ్" అంది యాగోదా. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "మళ్లీ నా బదులు మీరు మాట్లాడొద్దు."

ఆ పిల్ల మెట్లు దిగి వెళ్లిపోయింది. నెవెన్కా తెరిచిన నోరు మూసుకుంది.