ఇంటికో రాయి

నంజమ్మ పినాకిని ఏటి గట్టున, బొగ్గు మూటల పక్కన చచ్చిపోయింది. కడుపులో బిడ్డ అడ్డం తిరిగింది. ఆసుపత్రి ఏటికి అవతల, బెంగుళూరులో ఉంది. దాటించే దోణి కళ్ళెదురుగానే ఉంది.

"మూటలన్నీ దాటినాకే మనుషులు," అన్నాడు కంట్రాక్టరు జయరామప్ప పెట్టిన కాపలావాడు.

ఆమె మొగుడు చిక్కమునియప్ప వాడి కాళ్ళు పట్టుకున్నాడు.

"పెట్రోలు లేదు, బెంగుళూరు బస్సులు తోలేదానికి బొగ్గే కావాలప్పా. యుద్ధం నడస్తా ఉండాది, నీకు తెల్దా?" అన్నాడు కాపలావాడు.

యుద్ధమట! మూటలు దాటేసరికి తల్లీ లేదు, బిడ్డా లేదు.

ఆ దోణి మా మామగారి తండ్రి కట్టింది. అప్పటినుంచి మా ఇంటివాళ్ళే తెడ్డు వేశారు. దాటించినందుకు ఎవరి ముందూ చేయి చాచలేదు. కోతలయ్యాక ఇంటింటా చేటెడు రాగులు పోసేవాళ్ళు, అదే మా బతుకు. కాన్పు మనిషి గానీ శవం గానీ వస్తే, ఎక్కినవాళ్ళు ఎవరైనా దిగి చోటివ్వాలి. అది మా రేవు కట్టుబాటు. ఈ ఏడు సర్కారు రేవును హరాజు వేసింది. పాట పాడుకున్న జయరామప్ప రేవుతో పాటు దోణినీ లాక్కున్నాడు. నా మొగుడు అంజినప్ప చేతిలో తెడ్డు పీకేశాడు.

నంజమ్మను పూడ్చిన సాయంత్రం ఊరు ఊరంతా మా వాకిట్లో కూడింది.

"తాలూకా అమల్దారుకు మొర పెట్టుకుందాం," అన్నాడు ఊరి పెద్ద రైతు పెద్దమునియప్ప.

"హరాజు వేసింది ఎవరప్పా? ఆయప్పే గదా!" అంజినప్ప మండిపడ్డాడు.

"తగలబెడదాం ఆ దోణిని!" చిక్కమునియప్ప అరిచాడు.

మా అత్త పిల్లమ్మ లేచి నిలబడింది. "తగలబెట్టేదానికి అది వాళ్ళ సొత్తా? మనది. ముంచుదాం."

ఎండాకాలం ఏరు తగ్గితే, పలకలు నెర్రెలు విచ్చకుండా దోణిని మడుగులో ముంచి పెడతాం. ఇంటికో రాయి తెచ్చి అందులో వేస్తారు. కొత్తనీళ్ళు వచ్చాక ఎవరి రాయి వాళ్ళు తీసుకుంటారు, దోణి పైకి తేలుతుంది.

"నిండేట్లోనా? అట్లయితే మనమెట్ల దాటేది పిల్లమ్మా?" అన్నాడు పెద్దమునియప్ప.

"ఇప్పుడు దాటతా ఉండావా, పెద్దప్పా?"

లేచి ఇంటికి పోయి అందరికంటే ముందు రాయి తెచ్చింది ఆయనే.

మరునాడు పట్టపగలే బయలుదేరాం. ముందు ఆడవాళ్ళం, నెత్తిన రాళ్ళతో.

"ఏమమ్మా, ఏట్లో ఇల్లు కడతారా?" కాపలావాడు నవ్వాడు.

"కాదప్పా, నీ కంట్రాక్టరుకు గోరీ!" అంది మా అత్త.

వెనకొచ్చే జనాన్ని చూసి వాడు పరుగు తీశాడు. రాళ్ళు దోణికెత్తాం. అంజినప్ప గొలుసు తెంచి, వంపు దాటించి, లోతు మడుగులో ముంచి ఈదుకుంటూ వచ్చాడు. మునిగిన చోటు మా ఊరికి తప్ప ఎవరికీ తెలియదు.

పోలీసులు ఎక్కడో ఉన్న వంతెన చుట్టి వచ్చారు. వెంట జయరామప్ప.

"ఎవడురా ముంచింది?" దఫేదారు లాఠీ ఎత్తాడు.

"అందులో నా రాయుండాది," అన్నాడు చిక్కమునియప్ప.

"నాదీ ఉండాది," పెద్దమునియప్ప.

"నాది పెద్దది సామీ, రుబ్బురోలు," అని గుంపులోంచి ఒక ముసలమ్మ.

దఫేదారు అంజినప్ప జుట్టు పట్టుకున్నాడు. "దోణి యాడుండాదో చెప్పరా!"

"ఏట్లో ఉండాది."

జనం ఫక్కున నవ్వారు. ఆ నవ్వుకు బదులుగా నా మొగుణ్ణి కొట్టి, చేతులు కట్టి ఈడ్చుకుపోయారు. లాకప్పులో అడిగారు, కొట్టారు, మళ్ళీ అడిగారు. ఆయన చెప్పలేదు. చంపేశారు. శవాన్ని అవతలి గట్టున పడేసి పోయారు.

ఊరంతా మడుగులో దిగింది. మునిగి మునిగి ఎవరి రాయి వాళ్ళు తీశారు. దోణి తేలింది. నీళ్ళు తోడిపోశాం. తెడ్డు నేను పట్టాను. అందరినీ ఏరు దాటించిన మనిషిని అడ్డంగా పడుకోబెట్టి ఈవలికి తెచ్చాను.

ఈవలి గట్టున, వానకు తడిసిన బొగ్గు మూటల ముందు జయరామప్ప కాచుకుని ఉన్నాడు.

"శవం వచ్చింది గదా. ఇంక మూటలెక్కించండి."

ఎవరూ కదల్లేదు. తీసిన రాళ్ళు ఇంకా ఎవరూ కింద పెట్టలేదు. చిక్కమునియప్ప తన రాయిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"రేవులో దిగి చూడు జయరామప్పా," అంది కొడుకు తల ఒడిలో పెట్టుకున్న మా అత్త. "ఈ తూరి రాళ్ళు నీళ్ళల్లో లేవు."

జయరామప్ప ఒక్కో అడుగు వెనక్కి వేస్తూ పోయాడు. పోలీసులతో మళ్ళీ వస్తాడని మాకు తెలుసు. రాళ్ళను రేవు దగ్గరే కుప్ప పోసుకుని కూర్చున్నాం.