పెద్దత్త ఊదే దీపం

వెనిగర్ ఫ్యాక్టరీ అడుగు తొట్టిలో పెద్దత్త ఉంటుందని అక్కడ పనిచేసేవాళ్లందరికీ తెలుసు. చూసినవాళ్లు మాత్రం లేరు. తొట్టి కడగడానికి దిగేవాళ్లు ముందుగా తాడుకు దీపం కట్టి లోపలికి వదలాలి. మనిషి నచ్చితే సరేసరి, నచ్చకపోతే ఆవిడ ఉఫ్‌మని ఊదేస్తుంది. ఊదిన రోజు ఎవరూ దిగరు.

ఫ్యాక్టరీలో నిప్పెందుకని సూపర్‌వైజరమ్మ ఈమధ్యే కొవ్వొత్తులు మాన్పించి, బ్యాటరీ లైట్లు తెప్పించింది. ఆచారాన్ని మాత్రం ఎవరూ వదల్లేదు. తాడుకు ఆ లైటే కట్టి దించుతున్నారు.

ఆ ఉదయం దిగబోతున్నది సూపర్‌వైజరమ్మ సొంత తమ్ముడు. అందరూ వాణ్ని తొందర అనే పిలుస్తారు. లైటు దించాడు, పైకి లాగాడు, నిచ్చెన మీద కాలు పెట్టాడు.

"పెద్దత్త బాగా మెత్తబడిందక్కా. కొత్త లైట్లొచ్చాక ఒక్కణ్నీ కాదన్లేదు."

సూపర్‌వైజరమ్మ నవ్వబోయి ఆగిపోయింది. బ్యాటరీ లైటును ఎవరు మాత్రం ఊదగలరు?

అప్పటికే వాడు నడుము దాకా లోపలున్నాడు.

"పైకి రా."

"ఎంతసేపక్కా, ఇట్టే కడిగేసి..."

"రమ్మన్నానా. మళ్లీ చెప్పించుకోకు."

ఆ గొంతు వాడికి చిన్నప్పట్నుంచీ తెలుసు. గొణుక్కుంటూ ఎక్కాడు. ఆమె స్టోర్ నుంచి కొవ్వొత్తి తెచ్చి, డబ్బాలో నిలబెట్టి వెలిగించి, తాడు వదిలింది. వాడి కాళ్లు ఆడిన చోటు దాకా మంట నిటారుగానే వెలిగింది. ఇంకో జానెడు దిగిందో లేదో, ఆరిపోయింది. రెపరెప కూడా లేదు. ఎవరో వేళ్లతో నలిపేసినట్టు.

తొందర తొట్టి అంచు నుంచి ఒకడుగు వెనక్కి వేశాడు. "అక్కా, నిజంగానే ఉందా?"

"పులిసిన సరుకులోంచి వచ్చే గాలిరా అది. బరువుగా ఉండి అడుగున పేరుకుంటుంది. అందులో దీపమూ బతకదు, మనిషీ బతకడు. పాతవాళ్లు దానికి పెద్దత్తని పేరెట్టుకున్నారు."

"అంటే లేదనేగా?"

"ఇప్పుడే నీ ప్రాణం మీదికొచ్చింది, లేదంటే ఎలారా? పో, ఫ్యాన్ పెట్టించు. గాలి కొలిచే మీటరు తెప్పిస్తాను. అదొచ్చేదాకా ఆవిడ మాటే మాట."

మధ్యాహ్నం దాకా ఫ్యాన్ తిరిగింది. రెండో కొవ్వొత్తి అడుగుకు చేరి, అక్కడే హాయిగా వెలుగుతూ కూర్చుంది. తొందర నడుముకు తాడు కట్టుకుని దిగాడు. రెండో కొసను సూపర్‌వైజరమ్మ ఎవరి చేతికీ ఇవ్వలేదు.