నెమ్మదస్తురాలు

"మా వనజాక్షి శానా నెమ్మదస్తురాలు లేమ్మా. కూచోమన్న తావున కూచుంటాది, లెయ్యమన్నప్పుడు లేస్తాది," అంది బయమ్మ, కోడలి ముందున్న చేటలో ఇంకో దోసెడు చెనక్కాయలు పోస్తూ. విత్తనం కాయలు వలవడానికి వచ్చిన ఇరుగుపొరుగు ఆడవాళ్లు వనజాక్షి వైపు చూసి మెచ్చుకోలుగా తలలూపారు. వనజాక్షి కాయ నొక్కింది. వేళ్లు మాట వినలేదు, గింజ మీది ఎర్రపొర చిట్లింది. పొర చిట్లిన గింజ విత్తనానికి పనికిరాదు, చట్నీకి పక్కన పెట్టాల్సిందే. పొద్దున్నుంచి ఆమె పక్కన ఆ కుప్పే పెరుగుతోంది.

నెమ్మదస్తురాలట! ఎనిమిది వందల మీటర్ల పరుగులో జిల్లాకు మెడల్ తెచ్చిన మనిషిని అంతకంటే పెద్ద తిట్టు తిట్టగలరా ఎవరైనా? మైదానంలో నెమ్మది అంటే ఓటమి. అత్తగారింట్లో అదే సుగుణం. పైగా ఆ గుణం ఆమెది కూడా కాదు, రోజూ మింగే మాత్రది.

స్పోర్ట్స్ హాస్టల్లో పోటీ ముందురోజు గుండె దడదడలాడుతుంటే, కోచ్ హనుమంతరాయుడు నిద్రమాత్రను విరిచి అరముక్క చేతిలో పెట్టేవాడు. "పండుకోకుంటే రేపు కాళ్లు లేయవు పాపా. డాక్టర్లు ఇచ్చేదేలే, మింగు," అనేవాడు. వనజాక్షి ఉండే గదిలో నలుగురు ఆడపిల్లలు. సారు చేతిలోంచి వచ్చింది ఏదైనా వాళ్లకు ప్రసాదమే. అర కాస్తా ఒకటైంది. పోటీ రోజుల మాత్ర మామూలు రోజులకూ పాకింది. వేసుకోకపోతే కునుకు లేదు, వేసుకుంటే పొద్దున కాళ్లు ఇసుక మూటలు. రెండేళ్లు తిరిగేసరికి ఆమె అందరికంటే వెనక పరుగెత్తుతోంది. "నీలో మునుపటి కసి ల్యాదు పాపా," అన్నాడాయన. ఆ కసిని అరముక్కలు చేసి నిద్రపుచ్చింది ఎవరో మాత్రం ఆయనకు గుర్తు రాలేదు.

పెళ్లయిన కొత్తలో భర్తను నమ్మి ఈ సంగతంతా చెప్పుకుంది. విష్ణువర్ధన్ కోప్పడలేదు, ఛీ అనలేదు. మందుల షాపు అతని స్నేహితుడిదే, డాక్టరు చీటీ లేకుండా కావలసినన్ని తెచ్చాడు. కాకపోతే మాత్రల షీటు అతని చొక్కా జేబులోనే ఉంటుంది. వనజాక్షి బత్తలపల్లెలో ఓ ప్రైవేటు బడిలో ఆటల టీచరు. బడి నుంచి వచ్చి, గొడ్లకు నీళ్లు పెట్టి, సంగటి కెలికి, అందరికీ వడ్డించి, అంట్లు తోమి, ఆపైన అతని ముందు చెయ్యి చాపితే ఒక మాత్ర. ఎదురు మాట్లాడిన రోజు రెండు. "యాల అట్ల చూస్తావు? మాత్రేసుకుంటేనే నువ్వు మనిషివి, ల్యాకుంటే రాక్షసివి," అనేవాడు నవ్వుతూనే. ఆ నవ్వుకు ఆమె కూడా నవ్వాలి. లేకపోతే చెయ్యి అట్లాగే చాపి నిలబడాలి.

ఉగాది తర్వాత ఒకసారి తనంతట తనే మానేసింది. మూడోరోజు చేతులు వణికాయి. నాలుగోరోజు బోరింగు దగ్గర బిందెతో సహా పడి గిలగిలా కొట్టుకుంది. గాలి సోకిందని బయమ్మ నిమ్మకాయలు దిగదీసింది. తెలివి వచ్చాక విష్ణువర్ధన్ నోట్లో మాత్ర పెట్టి, "చూస్తివా? ఇది ల్యాకుండా నువ్వు బతకలేవు," అన్నాడు. ఆ మాటను ఆమె కూడా నమ్మింది.

హాస్టల్లో తన పక్కమంచం సరళ ఫోన్ చేయకపోయి ఉంటే ఇంకా నమ్ముతూనే ఉండేది. "ఒకేసారి మానితే ఫిట్స్ వస్తాది వనజా. నాకూ వచ్చినాది. గాలీ కాదు, దూళీ కాదు. డాక్టరు రవ్వంత రవ్వంత తగ్గిస్తా వచ్చినాడు, ఆర్నెల్లు పట్టింది. పెద్దాసుపత్రిలో తాగుడు మాన్పిచ్చే వార్డు ఉండాది చూడు, మాత్రలు గూడా ఆడే మాన్పిస్తారు, ఆడికే పో. ఇప్పుడు నేను ఉత్తగానే నిద్రపోతాండా," అంది. ఉత్తగానే నిద్ర! వనజాక్షికి ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రమే ఆసుపత్రికి తీసుకెళ్లమని భర్తను అడిగింది. "తాగుబోతోళ్లు పోయే తావుకు మా ఇంటి ఆడది పోవల్నా? నలుగుర్లో నా తల యాడ పెట్టుకోవల్ల?" అన్నాడు విష్ణువర్ధన్. బయమ్మ అయితే బతిమాలింది. "ఇప్పుడు నెమ్మదిగా ఉండావు కదమ్మా. ఉన్నేది ఎందుకు చెరుపుకుంటావు?"

అప్పుడు భయం వేసింది వనజాక్షికి. ఫిట్స్ వచ్చినప్పుడు కూడా అంత భయపడలేదు. కొట్టకుండా, తిట్టకుండా, మంచి మాటలు చెబుతూనే మనిషిని బతికుండగా పాతిపెట్టొచ్చని అంతవరకూ ఆమెకు తెలియదు.

విత్తనం వలుపు ముగిసిన మర్నాడు బడికని బయల్దేరి, హెడ్మాస్టరుకు ఫోన్‌లో సెలవు చెప్పి, అనంతపురం బస్సెక్కింది. ఆసుపత్రిలో ఆ వార్డు ముందు వరుస చాంతాడంత ఉంది. నిలబడిన వాళ్లంతా ఆడవాళ్లే. వాళ్ల మగవాళ్లు చెట్టు కింద కూలబడి ఉన్నారు.

"పేరు?" అన్నాడు చీటీలు రాసే గుమస్తా, తలెత్తకుండా.

"వనజాక్షి."

"నీ పేరు కాదమ్మా, తాగేటోని పేరు చెప్పు. మొగుడా, నాయనా?"

ఆమె వెనక్కి తిరిగి వరుస వైపు చూసింది. వెనకున్న ముసలామె భుజం తట్టి, "సిగ్గెందుకమ్మా, చెప్పు. మాకందరికీ ఉండే బాధే గదా," అంది.

వనజాక్షి కిటికీ ఊచ పట్టుకుని ముందుకు వంగింది. "మొగునికి కాదు సార్, నాకే. నిద్రమాత్రలు మానల్ల. నా పేరే రాయండి."

గుమస్తా అప్పుడు తలెత్తాడు. "తోడు ఎవరొచ్చినారు?"

"ఎవురూ రారు సార్. నాకు నయమైతే మా ఇంట్లోవాళ్లకు జరగదు," అంది వనజాక్షి. "మీరు రాయండి."