సంజీవరావు గారి ఊఁ

ముత్తుకూరులో కథల పండగ పెట్టాలన్న ఆలోచన సమితి ప్రెసిడెంటు గారిది. ఇంటిల్లిపాదీ కలిసి చదువుకోవాలనీ, సముద్రపు ఒడ్డు కథలు మరుగున పడకూడదనీ ఆయన ఆశ. రూల్సు మాత్రం హెడ్ గుమాస్తా సంజీవరావువి. ఇంటికో జంట వేదిక ఎక్కాలి. ఒకరు కథ చెప్పాలి, ఒకరు ఊఁ కొట్టాలి. ఊఁ ఆగినా, కథ సగంలో ఆగినా బహుమతి లేదు. బహుమతి ఒక హరికేన్ లాంతరు, 'ఆదర్శ చదువరి కుటుంబం' అన్న బిరుదు. లాంతరు సంగతెలా ఉన్నా బిరుదు మాత్రం తనకే రావాలని సంజీవరావు ప్రార్థన కూడా చేసుకున్నాడు.

ఆయన ఇంట్లో అద్దాల బీరువా ఉంది. దాని నిండా అట్టల రంగులు కుదిరేట్టు ఏరి కొన్న పుస్తకాలు. నలుగుతాయని ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. న్యాయం చెప్పాలంటే తానూ ముట్టుకోలేదు. ఇంటికొచ్చిన వాళ్లకు మాత్రం అన్నీ చదివేశానని చెప్పేవాడు. తాళంచెవి మెళ్లో, బనీను లోపల ఉండేది.

భార్య ఆనందకుమారి ఎనిమిదో క్లాసు దాకా చదివింది. "ఒక్క పుస్తకం ఇయ్యండి, పొద్దు పోవడంలే" అని అడిగినప్పుడల్లా ఆయన పేపరు వెనక నుంచి "ఊఁ" అనేవాడు. ఆ ఊఁ తర్వాత ఏమీ జరిగేది కాదు.

అందుకే పండగలో ఊఁ కొట్టే పని తానే తీసుకున్నాడు. పెళ్లయిన నాటి నుంచీ చేస్తున్న పనే.

ముందుగా పల్లెకారుల నాగులమ్మ, పడవను పెళ్లాడిన చేప కథ ఎత్తుకుంది. సగంలో ఆమె మొగుడు చెంచయ్య ఊఁ ఆగిపోయింది.

"రేత్రంతా వలకాడుండి వచ్చినాడయ్యా, కునుకు పట్టింది."

"రూలు రూలే నాగులమ్మా!" అని సంజీవరావు వాళ్లను దింపేశాడు.

తర్వాత తన వంతు. బిరుదు అందుకున్నాక ఏం మాట్లాడాలా అని ఆలోచిస్తూ కుర్చీలో కూర్చున్నాడు. ఆనందకుమారి మొదలుపెట్టింది.

"సముద్రానికి ఇవతల ఒక రాజుండేవాడంట."

"ఊఁ."

"ఆయనకి అద్దాల బీరువా నిండా పుస్తకాలంట."

"ఊఁ."

"రాణి ఒక్కటియ్యమంటే రాజు ఊఁ అనేవాడంట, ఇచ్చేవాడు కాదంట."

"ఊఁ."

జనం నవ్వారు. తన ఊఁ బాగా పండుతోందనుకుని సంజీవరావు గొంతు పెంచాడు.

"తాళంచెవి మెళ్లో, బనీను లోపల దాచుకునేవాడంట."

"ఊఁ!"

ప్రెసిడెంటు గారు కండువాతో నోరు మూసుకున్నారు. నాగులమ్మ మొగుణ్ణి కుదిపింది. "లెయ్యి మావా, అయ్యోరి కథ వచ్చింది!"

ఆనందకుమారి ఆగింది. సంజీవరావు ఆ మౌనానికి కూడా ఒక ఊఁ కొట్టాడు.

"అంతేనండి. రాజు తాళంచెవి ఇచ్చినాడో లేదో నాకు తెలీదు. ఆయన్నే అడగాల" అంటూ ఆమె మొగుడి వైపు తిరిగింది.

సంజీవరావు మొదటిసారిగా విన్నాడు.

"సగంలో ఆపితే ఎట్టమ్మా?" అన్నారు ప్రెసిడెంటు గారు.

"రూలు రూలే గదయ్యా!" అని అరిచింది నాగులమ్మ.

సంజీవరావు చెయ్యి మెడ మీదికి పోయింది. ఒకవైపు బిరుదు, ఒకవైపు బీరువా. చివరికి బిరుదే నెగ్గింది.

"ఇచ్చేశాడు" అని కథ ముగించి, తాళంచెవి తీసి భార్య చేతిలో పెట్టాడు. చప్పట్లు మోగాయి.

మర్నాడు సాయంత్రం ఆనందకుమారి కొత్త లాంతరు వెలిగించి బీరువా తీసింది. ఆ రోజుల్లో కొన్ని పుస్తకాలు అంచులు కొయ్యకుండానే వచ్చేవి, చదివేవాళ్లు కత్తితో పేజీలు విడదీసుకోవాలి. ఆమె మొదటి పుస్తకం తెరిచింది. రెండోది తెరిచింది. లేచి వంటింట్లోంచి చాకు తెచ్చుకుంది.

"ఏమండీ, ఇవన్నీ చదివేసినానన్నారే? పేజీలు అంటుకునే ఉండాయే?"

పేపరు ఇంకాస్త పైకి లేచింది.

"ఊఁ" అన్నాడు సంజీవరావు. ఈసారి విన్న తర్వాతే అన్నాడు.