తలుపేసుకున్న నత్తలు

మా అక్క నత్తల మీద పరిశోధన చేస్తుంది. మొక్కల మొదళ్ళలో కనిపించే చిట్టి నత్తలు కావు, అరచేతిలో పెడితే అరచెయ్యి చాలని పెద్ద నేలనత్తలు. ఆమె పనిచేసే సంస్థలో చివరి గది వాటిది. గోడ పొడవునా గాజు పెట్టెలు, వాటిలో తడిమట్టి, దోసకాయ ముక్కలు, గుడ్డుపెంకుల పొడి. గుల్ల గట్టిపడాలంటే నత్తకి సున్నం కావాలట. గాలి పొడిబారకుండా ఒక యంత్రం రోజంతా మంచులాంటి తేమను వదులుతూ ఉంటుంది. దొరికిన ఆకునల్లా మేసి తోటలు పాడుచేసే జాతి కాబట్టి ఒక్కటి కూడా బయట పడకూడదు. అందుకని గదికి రెండు తలుపులు. ఒకటి మూశాకే రెండోది తెరవాలి.

మా అమ్మది కుట్టుమిషను దుకాణం. కొలతలివ్వడానికి ఎవరొచ్చినా సరే, మెడలో టేపు వేసుకుని నత్తల గొప్పలు మొదలుపెట్టేది.

"ఆడా మగా రెండూ ఒక్క నత్తలోనే ఉంటాయండీ. మొగుడితో పోరు పడే గొడవే లేదు!"

విన్నవాళ్ళు ముక్కున వేలేసుకునేవారు. అక్కకి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

"అమ్మా, నేనింకా ఏమీ సాధించలేదే. అప్పుడే దండోరా వెయ్యకు."

"సాధించాక ఊళ్ళో అందరూ చెప్తారు. ముందే చెప్పకపోతే నేను తల్లినెలా అవుతానే?"

నేను ఆసుపత్రిలో నర్సుని. వయసు మళ్ళినవాళ్ళ వార్డు నాది. ఆ వయసులో చర్మం ఉల్లిపొరలా అయిపోతుంది. మంచం అంచు తగిలినా చిరుగుతుంది. కుట్లు వేద్దామంటే సూది పోటుకే తెగుతుంది. ప్లాస్టరు వేస్తే, తీసేటప్పుడు దానితోపాటే ఊడొస్తుంది. ఒకరోజు ఒక తాతగారి ముంజేతికి కట్టు మారుస్తూ ఆయన్ని ఏడిపించాను. ఇంటికొచ్చాక అన్నం సహించలేదు. ఆ సంగతే చెప్పాను.

"చివికిన బట్టా అంతేనే. దారం బాగానే ఉంటుంది, బట్టే విడిపోతుంది" అంది అమ్మ.

అక్క కంచంలో చెయ్యి కదపడం మానేసింది.

"చెల్లీ, కుట్టకుండా, లాగకుండా, తడిమీద కూడా అతుక్కునేది ఏదైనా ఉంటే?"

"ఉంటే నీ కాళ్ళు కడుగుతాను."

అప్పటిదాకా నత్తల జిగురు ఎలా పుడుతుందో తెలుసుకోవడమే అక్క పని. ఆ రోజు నుంచి దానితో గాయం అతకడం పనిగా పెట్టుకుంది. నత్త నడిచినచోటల్లా వదిలే జిగురును తీసి, శుద్ధిచేసి, మాంసం కొట్టునుంచి తెచ్చిన తోలు మీద పరీక్షించేది. పొడిగా ఉంటే కాసేపు నిలిచేది, తడి తగిలితే జారిపోయేది. పాళ్ళు మార్చింది, మేత మార్చింది. ఏం చేసినా అదే కథ. సంస్థ పెద్దసారు ఆమెని గదిలోకి పిలిచి, నొప్పించకుండానే చెప్పాడు.

"ఈ వేసవి దాకా చూద్దామమ్మా. తర్వాత ఆ గది చేపల మీద పనిచేసేవాళ్ళకి ఇవ్వాలి."

వేసవి రానే వచ్చింది. అక్క జ్వరంతో మంచమెక్కింది. సరిగ్గా అప్పుడే తేమ యంత్రం పాడైంది. మరమ్మతుకి విడిభాగం రాలేదు, బయట చూస్తే ఎండలు మండిపోతున్నాయి. అక్కతో పనిచేసే సహాయకురాలు ఫోనులో ఏడుపు గొంతుతో చెప్పింది.

"మేడం, ఒక్కటీ కదలడం లేదు. ముట్టుకున్నా కొమ్ములు బయటపెట్టడం లేదు. అన్నీ పోయినట్టున్నాయి. సారొచ్చి చూసి, వాసన రాకముందే తీసి కాల్చేయమన్నారు."

"నేనొచ్చేదాకా ఒక్కదాన్నీ ముట్టుకోవద్దని సారుకి చెప్పు" అంటూ అక్క లేచి నిలబడింది, తూలింది. అమ్మ ఒకపక్క, నేనొకపక్క పట్టుకుని తీసుకెళ్ళాం.

గదిలో నత్తలన్నీ గుల్లల్లోకి ముడుచుకుపోయి ఉన్నాయి. ప్రతి గుల్ల నోటికీ తెల్లటి పొర, కాగితం అతికించినట్టు. కొన్ని పెట్టె గోడలకి, కొన్ని పైమూతకి అంటుకుని ఉన్నాయి. పెద్దసారు పక్కనే నిలబడ్డాడు.

"బాధగానే ఉందమ్మా. కానీ చచ్చినవాటిని ఉంచుకుని ఏం చేస్తాం?"

"చావలేదు సార్. గాలి పొడిబారిందిగా, తలుపేసుకుని పడుకున్నాయి. వానొచ్చేదాకా ఇవిలాగే ఉంటాయి."

మూతకి అంటుకున్న నత్తని తీద్దామని చెయ్యి వేసింది. నత్త రాలేదు. కాస్త గట్టిగా ఎత్తితే గాజు మూత మొత్తం దానితోపాటు లేచొచ్చింది. అక్క దాన్ని అలాగే గాల్లో పట్టుకుని ఉండిపోయింది. జ్వరానికి ఎర్రబడ్డ కళ్ళు మెరిశాయి. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. జ్వరం తలకెక్కిందేమోనని నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాను.

"చెల్లీ, చూశావా? నేను ఇన్నాళ్ళూ నడిచే జిగురు పట్టుకుని వేళ్ళాడుతున్నాను. అది జారడానికి పుట్టింది. ఎలా అతుకుతుంది? అతకడానికి చేసే జిగురు వేరే. ఇదిగో, ఇదీ!"

వెంటనే ఒక నత్త మీద గోరువెచ్చని నీళ్ళు చిలకరించింది. అందరం దాని చుట్టూ మూగాం. చాలాసేపు ఏమీ కాలేదు. పెద్దసారు గడియారం చూసుకోబోయి మానేశాడు. లోపల నత్త కదిలి తోస్తే పొర ఒక అంచున ఊడింది. లోపల్నుంచి బూడిదరంగు ఒళ్ళు మెల్లగా బయటికి పొంగింది. ఒక కొమ్ము లేచింది, దాని చివర నల్లటి కన్ను.

"లేచిందర్రా!" అని అమ్మ అరిచిన అరుపుకి అది మళ్ళీ లోపలికి దూరింది.

పెద్దసారు "చేపలవాళ్ళకి వేరే గది చూస్తాలే" అని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత పని గాడిన పడింది. అక్క నత్తల్ని కావాలనే నిద్రపుచ్చేది, తేమ తగిలించి లేపేది, లేచి కదిలాక గుల్ల అంచున మిగిలిన జిగురు గీసుకునేది. నత్తకి నొప్పి లేదు. ఆ జిగురులో ఉన్న సున్నమే దానికి పట్టునిస్తోందని అక్క తేల్చింది. తడితోలు మీద పెట్టి లాగితే ఈసారి జారలేదు. జంతువుల మీద పరీక్షలయ్యాయి, అనుమతులొచ్చాయి. మనుషుల మీద వాడి చూడటానికి మా వార్డునే ఎంచుకున్నారు.

అందరికన్నా ముందు ఒప్పుకున్నది కండక్టరమ్మ. బస్సులో టిక్కెట్లు కొడుతూ జీవితమంతా గడిపిన మనిషి. మోచెయ్యి గోడకి రాసుకుని చర్మం జేబులా తెరుచుకుంది.

"దేంతో చేశారమ్మా ఈ మందు?" అని అడిగింది అక్కని.

"నత్త జిగురుతో అండీ. ఇష్టం లేకపోతే వద్దనండి, ఎవరూ ఏమీ అనుకోరు."

"మా బస్సు కూడా నత్తనడకేనమ్మా, చేర్చాల్సినచోటికి చేర్చేది. కానియ్."

చిరిగిన పొరని నేను తడిదూదితో సర్దాను. అక్క కింద జిగురు పూసింది, వేలితో అదిమి పట్టుకుంది. వదిలాక పొర కదల్లేదు. తర్వాతి రోజుల్లో చీమూ లేదు, వాపూ లేదు. అంచులు కలిసి, ఒక సన్నటి గీత మిగిలింది. ఆమె తర్వాత ఎందరో. ఒకరిద్దరికి పట్టలేదు, మిగతావాళ్ళకి పట్టింది. ప్లాస్టరు ఊడదీస్తూ ఎవరినీ ఏడిపించక్కర్లేని వార్డు ఎలా ఉంటుందో నర్సుల్ని అడగండి, చెప్తారు.

ఫలితాలు వినిపించిన సభకి అమ్మ దుకాణం మూసి మరీ వచ్చింది. అక్క మాట్లాడటం ముగించాక పెద్దసారు లేచాడు.

"వీటిని కాల్చేయమన్నది నేనే. జ్వరంతో వచ్చి నా మాటకి అడ్డుపడింది ఈవిడ. ఇలాంటి మనిషి మా సంస్థలో ఉన్నందుకు నేను తలెత్తుకు తిరుగుతున్నాను."

హాలంతా చప్పట్లు. పక్కకి తిరిగి చూస్తే అమ్మ చప్పట్లు కొట్టడం లేదు. నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కుతోంది, ఎముకలు విరుగుతాయేమో అన్నంతగా. నేనూ లాక్కోలేదు.

వేదిక మీద అక్క ఇంకా తెర మీది నత్త బొమ్మవైపే చూస్తోంది. ఎవరో ప్రశ్న అడిగారు. "చెప్తాను, కూర్చోండి" అని మైకు దగ్గరికి లాక్కుంది. అంత నిబ్బరంగా, అంత తీరిగ్గా ఆమె మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.