జోహ్రా పెద్దమ్మ ఇంట్లో కుర్చీ

ఆ శనివారం మా ఇంట్లో నాన్న, అన్న అద్హం, వాడి స్నేహితులిద్దరు, అమ్మ, నేను ఉన్నాం. మగవాళ్ళు తిని లేచారు. మిగిలింది అమ్మ తింటోంది. నేను గిన్నెలు తోముతున్నాను.

ఎదురింటి జోహ్రా పెద్దమ్మ మెట్ల దగ్గరికొచ్చి, "అబ్బబ్బ, మా ఇంట్లో ఏం ఉక్కపోతో!" అంది, గోడతో చెబుతున్నట్టు. వాళ్ళు యూదులు. వాళ్ళ మతంలో శనివారం స్విచ్ ముట్టుకోకూడదు, వేసిపెట్టమని ఒకరిని అడగనూ కూడదు. ఉక్కగా ఉందని మాత్రం అనుకోవచ్చు. ఆ మాట వినబడితే నేను వెళ్ళి ఏసీ వేసి వస్తుంటాను.

"కదిలావంటే చూడు," అన్నాడు అన్న. "వాళ్ళ స్విచ్‌లు నొక్కడానికి నువ్వేమన్నా పనిమనిషివా?"

నా చేతిలో సబ్బు నురగలో ఉన్నది వాడి ప్లేటే. స్నేహితులు నవ్వారు.

మా ఊరు ఆక్రేలో యూదులకీ మా అరబ్బులకీ గొడవలు జరిగి వారమైంది. మా వీధిలో యూదుల బేకరీ తగలబడింది, మా మామయ్య కారూ తగలబడింది. అయినా నాకు వెళ్లాలనే ఉంది. ఏసీ వేయగానే పెద్దమ్మ, "నీకూ చెమటలే కదా బిడ్డా, కూర్చో," అని కుర్చీ లాగుతుంది. వేయించిన పుచ్చగింజలు పెడుతుంది. మొరాకో నుంచి వచ్చిన మనిషి, మా అరబీనే వేరే యాసలో మాట్లాడుతుంది. రావియా అని పూర్తి పేరుతో పిలుస్తుంది. మా పల్లె బడి వదిలి ఇక్కడికొచ్చాక నన్నలా పిలిచింది ఆమె ఒక్కతే. ఇంట్లో అయితే, "ఏయ్, నీళ్ళు!"

అన్న బాల్కనీలోకి వెళ్ళగానే చేతులు తుడుచుకుని వెళ్ళాను.

ఏసీ వేశాక గాని లోపలి గదిలోంచి వస్తున్న ఆమె కొడుకు యిగాల్‌ని చూడలేదు.

"దీన్నెవరు రానిచ్చారు? బేకరీ తగలబెట్టినవాళ్ళని ఇంట్లోకి తెచ్చుకుంటావా అమ్మా?"

"చిన్నపిల్లరా. దానికేం తెలుసు."

"చిన్నపిల్లలకి అన్నలుంటారు."

బేకరీ తగలబడిన రాత్రి అన్న ఎక్కడున్నాడో నాకు నిజంగా తెలియదు. నేను కూర్చునే కుర్చీలో యిగాల్ కూలబడ్డాడు, కాళ్ళు చాపుకుని. చల్లగాలి వాడి ముఖానికే తగులుతోంది.

పెద్దమ్మ కొడుకు ముఖంలోకి చూసింది. ఆ చూపు నాకు తెలుసు. అన్న గొంతు పెంచినప్పుడల్లా మా అమ్మ అలాగే చూస్తుంది.

నా భుజం మీద చెయ్యి వేసి గుమ్మం దాకా తీసుకొచ్చింది. శనివారాల్లో నన్ను ఏదీ సూటిగా అడగని మనిషి.

"ఇంక రాకు, రావియా," అంది. చప్పుడు కాకుండా తలుపు వేసేసింది.